మిరపకోతకు రమ్మని, మనుగడకు పొమ్మని

భద్రాచల మన్యమున ఒకే ప్రశ్న ఏటేట తలయెత్తుచున్నది. అటవీశాఖవారు నాటిన ప్లాంటేషనులో గొడ్డలివేటు పడినప్పుడును, పోడు సర్వేకై గ్రామసభ కూడినప్పుడును, చర్ల అడవిలో తుపాకి మ్రోగినప్పుడును, ‘ఈ గుత్తికోయలను వారి రాష్ట్రమునకు పంపివేయరేమి?’ యను మాట మండల కార్యాలయపు వసారా నుండి శాసనసభ వరకు వినవచ్చును. పిమ్మట ఏ నిర్ణయమును జరుగకయే చల్లారును. ఇంచుమించుగా ఇదే ప్రశ్నతో బ్రిటనుదేశము ఈ పదిపదునైదేండ్లుగా ఉడికిపోవుచున్నది. ఈ రెంటిని ఒక్కచో నుంచి చూచుట విడ్డూరముగా తోపవచ్చును. అక్కడ లక్షలు, ఇక్కడ వేలు; అక్కడ సముద్రము, ఇక్కడ శబరి నది; అక్కడ అన్యదేశీయులు, ఇక్కడ భారత పౌరులు. అయినను ప్రజల విసుగు ఎచ్చట పుట్టి, ఎవరి నెత్తిన పడుచున్నదో విచారించినచో, వచ్చినవారిపై కనబడు కోపములో పెద్దపాలు నిజమునకు లెక్క చెప్పని ప్రభుత్వముపై పుట్టినదే యని తేలును. ఈ వ్యాసము ఆ లెక్కను గూర్చినది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరునుండి వచ్చిన గుత్తికోయలు పరాయివారగుదురా యని తేల్చుటకు ముందు ఈ సరిహద్దు వయస్సెంతయో చూడవలసియున్నది. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నిజామునుండి ఆంగ్లేయుల వశమై, మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరి, 1874లో మద్రాసు రాజధానికి మారి, పిదప తూర్పు గోదావరిలో నుండి, 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చి, తుదకు 2014లో పోలవరము నిమిత్తమై రెండు రాష్ట్రముల నడుమ చీలినవి. చింతూరు అడవిలో గుడిసె వేసికొన్న వలసకుటుంబము, కాలు కదపకయే, ఆ సంవత్సరమున మరియొక రాష్ట్రమునకు ‘వలస’ పోయినది! బస్తరు కోయలకును దుమ్ముగూడెము కోయలకును నడుమ గల ఇంటిపేర్లు, వియ్యములు, సంతలు, జాతరలు ఈ గీతలన్నిటికంటె పాతవి. అంతమాత్రమున ఇరువురు ఒక్కటే యనుటయు సరికాదు. గోదావరి తీరపు కోయవాడు తెలుగు నేర్చి, నాగలి పట్టి, బడికిని బ్యాంకునకును అలవాటుపడి మూడు తరములైనది. లోపలి అడవినుండి వచ్చినవానికి ఇవి కొత్త. ‘గుత్తికోయ’ యను పేరే వచ్చినవారు తమకు తాము పెట్టుకొన్నది కాదు. ఇక్కడివారు వారిని వేరుపరచి చూపుటకు వాడిన పేరు.

కూలికై, పెండ్లికై, కొత్త పోడుకై బస్తరునుండి ఇటు వచ్చుట పూర్వమునుండి ఉన్నదే. దానిని వరదగా మార్చినది 2005 జూనులో దంతెవాడ ప్రాంతమున మొదలైన సల్వాజుడుం. మావోయిస్టులకు ఎదురుగా ఆదివాసులనే నిలిపి, యువకుల చేతికి తుపాకులిచ్చి, పల్లెలను ఖాళీచేయించి, ప్రజలను రహదారుల ప్రక్క శిబిరములలోనికి తోలిన ఆ ప్రయోగము రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పెను. ఆ తీర్పు వచ్చునప్పటికి ఆరేండ్లు గడచినవి. ఒకవైపు శిబిరము, మరియొకవైపు దళము, నడుమ తగులబడిన ఇల్లు. ఈ మూటినుండి తప్పించుకొనగోరినవారు శబరి దాటి చింతూరునకును, అడవిబాటల వెంట చర్ల, దుమ్ముగూడెములకును, గోదావరి దాటి మణుగూరు, చండ్రుగొండ, ములుగు అడవులకును చేరిరి. ఎంతమంది? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వపు మాటగా కేంద్రము పార్లమెంటుకు చెప్పిన సంఖ్య పదివేలకు కొంచెము పైన. స్వచ్ఛంద కార్యకర్తల అంచనా 50,000కు చేరువ. ఐదింతల తేడా! ఆవుల లెక్కలోను, టేకుచెట్ల లెక్కలోను ఇంత తేడా వచ్చినచో ఏదో ఒక కార్యాలయమున ఎవరికో సంజాయిషీ నోటీసు పోయియుండెడిది.

వీరి చిక్కునకు మూలము ఒక తేదీ. 2006 నాటి అటవీహక్కుల చట్టము, గిరిజనులకు 2005 డిసెంబరు 13 నాటికి సాగుచేయుచున్న అటవీభూమిపైననే హక్కు కలదన్నది. సల్వాజుడుం పుట్టినది ఆ తేదీకి ఆరునెలల ముందు. జనము కదలినది ఆ తేదీకి అటునిటు, ఎక్కువగా పిమ్మట. బస్తరున వదలివచ్చిన పొలము ఆ తేదీనాటికి వారిదేమో గాని నేడు చేతిలో లేదు. ఇక్కడ నరికిన పోడు చేతిలో నున్నది గాని ఆ తేదీనాటిది కాదు. రెండవ చిక్కు జాతుల పట్టిక. రాజ్యాంగపు 342వ అధికరణము గిరిజనత్వమును రాష్ట్రములవారీగా నిర్ణయించినది. తెనాలినుండి బొంబాయికి వెళ్లిన కుటుంబమునకు చెందిన విద్యార్థి వైద్యవిద్యలో సీటుకై వేసిన వ్యాజ్యమున, ఒక రాష్ట్రమున గిరిజనుడైనవాడు వలసపోయిన రాష్ట్రమున ఆ హోదాను కోరరాదని సుప్రీంకోర్టు 1990లో తేల్చినది. ఆ సూత్రము బస్తరు పోడువాని గుడిసెవరకును వచ్చి నిలిచినది. మన పట్టికలో కోయ యను పేరు కలదు, గుట్టకోయ యను పేరును కలదు. అయినను శబరికి ఆవల పుట్టినవాడు అందు చేరడని మన ప్రభుత్వముల వాదము. కావున ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైనవాడు ఏరు దాటగనే ఏ కులమునకును చెందనివాడై, హక్కుపత్రమునకు అనర్హుడై, అటవీశాఖ దస్త్రములలో ‘ఆక్రమణదారు’ అను ఒక్క బిరుదుతో మిగిలినాడు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచయందు గుడిసెలు కూల్చినది ఈ బిరుదు బలముతోనే. వనవాసమునకు వచ్చిన దంపతుల ఆకుటింటిని పర్ణశాలయందు కన్నులకద్దుకొనుటకు ఏటేట లక్షలమంది పోవుదురన్నది వేరు సంగతి.

ఒక తేదీ మనుష్యులను ఎట్లు దోషులుగా మార్చగలదో బ్రిటను చరిత్ర ఇంతకంటె విస్పష్టముగ చూపుచున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము పనిచేయు చేతులు కావలసివచ్చి ఆ దేశము తన వలసరాజ్యముల ప్రజలను పిలిచినది. 1948 జూనులో ‘ఎంపైర్ విండ్‌రష్’ అను ఓడ కరీబియను ద్వీపములనుండి వందలాది మందిని దించినది. వారు నాటి చట్టము దృష్టిలో పరదేశీయులు కారు, బ్రిటిషు ప్రజలే. ఆ పిమ్మట చట్టములు బిగిసి బిగిసి, 1973 జనవరి 1 నాటికి అచ్చట స్థిరపడినవారికే నివాసహక్కు దక్కినది గాని, హక్కు కలదని చెప్పు కాగితమును వారిలో పెక్కుమందికి ఎవరును ఈయలేదు. 2012 మొదలు హోంశాఖ వలసదారులకు ‘ప్రతికూల వాతావరణము’ కల్పించుటే విధానమని చాటి, అద్దెయింటికి, ఉద్యోగమునకు, వైద్యమునకు పత్రములడుగ సాగినది. జీవితమంతయు పన్నులు కట్టిన వృద్ధులు, ఏబదియేండ్ల క్రింద బాల్యమున వచ్చిన దినమును ఋజువుచేయలేక, పనులు పోగొట్టుకొనిరి, నిర్బంధితులైరి. కనీసము 83 మంది అన్యాయముగా దేశమునుండి వెడలగొట్టబడిరి. వారి రాకకు సాక్ష్యమైన నౌకాగమన చీటీలను 2010లో అదే హోంశాఖ నాశనముచేసియుండెను! 2018 ఏప్రిలులో హోంమంత్రి అంబర్ రడ్ రాజీనామా చేయవలసివచ్చినది. ఋజువును తానే కాల్చి, ఋజువేదని అడిగిన ప్రభుత్వము అది. మన ప్రభుత్వము దేనిని కాల్చలేదు, మొదటనే వ్రాయలేదు.

అయితే బ్రిటను ప్రజల విసుగు బాధితుల పక్షమున మాత్రమే లేదు. అధికసంఖ్యాకుల విసుగు ఎదుటి దిక్కున నున్నది. నికర వలసను ఏటికి లక్షకు లోపునకు దింపుదుమని 2010లో వాగ్దానమిచ్చిన కన్సర్వేటివు పక్షము, పదునాలుగేండ్ల పాలనలో దానిని నిలుపుకొనలేదు సరికదా, ఐరోపావారి రాకను అరికట్టుటకే దేశమును ఐరోపా సమాఖ్యనుండి విడదీయవలెనన్న 2016 నాటి ప్రజాభిప్రాయము పిమ్మట, 2023 జూనుతో ముగిసిన సంవత్సరమున ఆ సంఖ్య 9 లక్షలకు చేరినది. వృద్ధాశ్రమములకు సేవకులు కావలెను, విశ్వవిద్యాలయములకు రుసుము చెల్లించు విద్యార్థులు కావలెను. వారిలో హైదరాబాదు, గుంటూరు, ఖమ్మములనుండి అప్పుచేసి పోయిన మన పిల్లలును కలరు. తీసికొన్నది ప్రభుత్వము; తిట్టినదియు ప్రభుత్వమే. ఆశ్రయార్థులను రువాండాకు పంపుదుమన్న 2022 నాటి పథకము, సుప్రీంకోర్టు చేత 2023 నవంబరులో చట్టవిరుద్ధమనిపించుకొని, దాదాపు 70 కోట్ల పౌండ్లు మ్రింగి, స్వచ్ఛందముగా వెళ్లిన నలుగురితో ముగిసినది. ఇదే కాలమున, కోవిడు వేళ దేశమంతటికి ఇంట కూర్చుండుమని శాసించి తాము విందులు చేసికొన్న ప్రధాని కార్యాలయపు అపచారమును, తప్పుడు కంప్యూటరు లెక్కలను నమ్మి 900 మందికి పైగా పోస్టుమాస్టర్లను దొంగలుగా నిలబెట్టిన వ్యవహారమును వెలుగుచూచినవి. నికర వలస ఆ శిఖరమునుండి ఏడాదిన్నరలో సగమునకంటె తక్కువకు దిగినను జనుల కోపము దిగలేదు. 2025 మే స్థానిక ఎన్నికలలో వలస వ్యతిరేకతనే ధ్వజముగా నెత్తిన రిఫార్మ్ యూకే పక్షము 677 స్థానములను గెలుచుకొన్నది. సంఖ్య తగ్గినను కోపము తగ్గకపోవుటకు కారణము, సంఖ్య చెప్పువానిపై నమ్మకము పోవుటే యని నా అభిప్రాయము.

ఆ నమ్మకలేమి మన్యమున ఇంకను పాతది. స్థానిక కోయవాని దృష్టినుండి చూచినచో, ప్రభుత్వము వలసను ఆపుదునని ఇచ్చిన మాట ఒక్కటియు నిలువలేదు. 1917 నాటి మద్రాసు ఏజెన్సీ చట్టమునుండి 1959 రెగ్యులేషను మీదుగా 1970లో వచ్చిన ‘వన్ ఆఫ్ సెవెంటీ’ వరకు, గిరిజనేతరునికి ఏజెన్సీ భూమి దక్కరాదని శాసనములు చెప్పుచునే యున్నవి. భూమి చేతులు మారుచునే యున్నది. షెడ్యూల్డు ప్రాంతపు భూమిలో దాదాపు సగము గిరిజనేతరుల చేత నున్నదని కోనేరు రంగారావు కమిటీ ఈ శతాబ్దపు తొలి దశకముననే లెక్కగట్టినది. బోగస్ కుల ధ్రువీకరణ పత్రముల రచ్చ ఒకప్పుడు లేచి మరియొకప్పుడు అణగుచునే యున్నది. వాని నరికట్టుటకు 1993లోనే చట్టము కలదు. లంబాడాలను 1976 సవరణచే తెలంగాణ పట్టికలో చేర్చినప్పటినుండి పొరుగు రాష్ట్రములవారు ఆ వాటాకై తరలివచ్చిరను ఆరోపణ, 2017లో ఆదిలాబాదునుండి భద్రాచలము వరకు అగ్గియై ప్రాకినది. ఏజెన్సీ ఉపాధ్యాయోద్యోగములను స్థానిక గిరిజనులకే ప్రత్యేకించిన జీవో 3 ను 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. పోలవరము నీటిలో మునుగు పల్లెలవారు ఇంకను పరిహారపు లెక్కలలో నలుగుచున్నారు. ఇన్ని దెబ్బలు తిన్నవాడు, తన పశువుల మేతకు, తన ఇప్పచెట్టునకు, తన తునికాకు కట్టకు పోటీగా వచ్చిన మరియొక పేదవానిని చూచి ముఖము చిట్లించినచో, దానిని కేవలము సంకుచితత్వమనుట పట్టణములలోని వారికి సులభము. మైదానమునుండి వచ్చి భూమి కొన్నవానిని ఎదుర్కొను బలము లేనివాని కోపము, అడవినుండి వచ్చిన బలహీనునిపై తిరుగుచున్నదనుటయు అంతే నిజము.

అటవీశాఖవారి వాదమునందును బలము లేకపోలేదు. వచ్చినవారు ఊరి చెంత గాక అడవి నడిబొడ్డున నీటిచెలమ దొరికినచో దిగుదురనియు, ఒకచోట కొట్టివేసిన పిదప మరియొకచోట నరుకుదురనియు, బీటు అధికారి ఒంటరిగా, ఆయుధము లేక, దినమంతయు ఈ తగవు నెత్తినవేసికొని తిరుగవలసియున్నదనియు వారు చెప్పుదురు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలము బెండాలపాడు సమీపమున ఎర్రబోడులో రేంజ్ ఆఫీసరు చలమల శ్రీనివాసరావు, ప్లాంటేషను వివాదమున, వలసవాడకు చెందినవారి చేతిలో హతుడయ్యెను. మరుసటి సంవత్సరము న్యాయస్థానము ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించినది. నేరస్థులను న్యాయస్థానము గుర్తించినది ఇద్దరిని. గ్రామపంచాయతీ మాత్రము వాడనంతటిని ఛత్తీస్‌గఢ్‌నకు వెడలగొట్టవలెనని తీర్మానించినది. ఆ తీర్మానము చట్టమునకు నిలువదు. దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కు 19వ అధికరణము పౌరునికి ఇచ్చినది. అయినను ఆ పత్రమును పారవేయరాదు. అది ఆనాటి మన్యపు నాడి. ఆ హత్య పోడు సర్వే నడుమ జరిగినదని మరువరాదు. ఆ సర్వేకు 12 లక్షల ఎకరములకు పైగా కోరుచు 4 లక్షల దరఖాస్తులు వచ్చినవి. 2023 జూను 30న ఆసిఫాబాదులో మొదలుపెట్టి పంచినది సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరములు. మిగిలిన దరఖాస్తులు ఎందుకు పోయినవో ఊరివారికి విప్పిచెప్పిన నాథుడు లేడు. చెప్పనిచోట ఊహ మొలచును. పట్టా రానివాడు, వలసవాడు అడవిని కొల్లగొట్టుటవలననే తనది పోయినదని నమ్మును.

ఇక పోలీసువారి కన్ను ఒకటి. వలసవాడ యనగనే దళమునకు బియ్యము పంపునదని అనుమానము. దళమునకేమో, పోలీసులకు కబురు పంపునదని అనుమానము. 2025 ఏప్రిలులో కర్రెగుట్టలపై మొదలైన భద్రతాదళముల చర్యతో ఈ ఇరుకు ఇంకను బిగిసినది. అటు మావోయిస్టు ఉద్యమము క్షీణించుకొలది, ‘ఇక భయమేమి, పోవచ్చును గదా’ యను మాట ఇటు బలపడుచున్నది. ఇరువదియేండ్ల క్రింద విడిచిన పొలమున ఇప్పుడెవరున్నారు, ఆ ఊరి పేరు ఏ రెవెన్యూ దస్త్రములోనైన మిగిలినదా యని ఈ మాట అనువారు అడుగరు. ఇక్కడ పుట్టిన బిడ్డలు ఇప్పుడు పెండ్లీడు వచ్చినవారు.

ఈ వివాదమున గొంతెత్తనివారు ఒక్కరే: మిరపరైతు. ఖమ్మము మిర్చి మార్కెటు దేశమున పేరుపడినది. అచ్చటికి చేరు తేజా కాయ, జనవరినుండి వేసవి వరకు, చెట్టునుండి ఒక్కొక్కటిగా చేతితో కోయవలసినదే, దానికి యంత్రము లేదు. గోదావరి ఇరుగట్టుల చేలలో ఆ కోతకు వచ్చునది బస్తరు కూలి: అడవిలో స్థిరపడినవారును, కోతల కాలమునకు మాత్రమే దిగివచ్చి పోవువారును. చేనిగట్టున పరదాల క్రింద రెండు మూడు నెలలు కాపురము, పిల్లలతో సహా. 2020 ఏప్రిలులో లాక్‌డౌను వేళ, గోదావరి యొడ్డున పేరూరు మిరపచేలనుండి బిజాపూరు జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేండ్ల బాలిక ఊరు చేరకమునుపే మరణించినప్పుడు గాని, ఆ కోతలో పసిబిడ్డలున్నారని ప్రభుత్వమునకు తెలియలేదు; తెలియలేదని చెప్పినది. అంతర్రాష్ట్ర వలసకూలీల చట్టము 1979 నాటిది. గుత్తేదారు తెచ్చు కూలీల నమోదును అది నాడే కోరినది. బ్రిటను వృద్ధుల మంచము చెంత నిలిచిన కేరళ నర్సునకును, ఏన్కూరు మిరపచేనిలో వంగిన బస్తరు మురియ తెగ స్త్రీకిని ఒక్కటే స్థితి: పని ఇంటిలోపలిది, ఉనికి గుమ్మము బయటిది. అయితే బ్రిటను ఆ నర్సుకు వీసా యను కాగితమైనను ఇచ్చినది.

విచిత్రమేమనగా, నిర్వాసితులను ఈ అడవిలో ప్రణాళికాబద్ధముగా నిలుపుట భారత ప్రభుత్వమునకు తెలియని విద్య కాదు. తూర్పు బెంగాలు శరణార్థులకై 1958లో దండకారణ్య ప్రాధికార సంస్థను స్థాపించి, బస్తరులోని పరల్‌కోటలోను, చింతూరునకు పొరుగుననే యున్న మల్కనగిరిలోను అడవి కొట్టి, భూములు పంచి, ఊళ్లు కట్టిరి. నేటి నిర్వాసితుల తాతల అడవియే అది. ఆ పథకము నిర్దోషమైనదనరాదు. రాతినేలయందు నిలువలేక 1978లో వేలాది కుటుంబములు సుందరవనముల దిక్కునకు మరలిపోయినవి. అచ్చటి ఆదివాసులను ఎవరును సంప్రతింపలేదు. అయినను ప్రతి కుటుంబమునకు ఒక చీటీ యుండెను. ఇటీవలి ఉదాహరణము ఇంకను ఉపయుక్తమైనది. 1997లో మిజోరామునుండి తరిమివేయబడి త్రిపుర శిబిరములలో ఇరువదిమూడేండ్లు గడపిన బ్రూ తెగవారిని, సుమారు 34,000 మందిని, 2020 జనవరిలో కేంద్రము, రెండు రాష్ట్రములు, బ్రూ సంఘములు కలిసి చేసికొన్న ఒడంబడికచే త్రిపురలోనే స్థిరపరచిరి; ఇంటిస్థలము, నాలుగు లక్షల రూపాయల డిపాజిటు, రెండేండ్ల నెలసరి భృతి, మొత్తము 600 కోట్ల రూపాయల వ్యయము. బ్రూలకు కుదిరినది బస్తరువారికి ఎందుకు కుదరలేదు? బ్రూలు శిబిరములలో నుండిరి, లెక్కకు దొరకిరి, వారిని గూర్చి మాటలాడు సంఘములుండెను. వీరు ఇరువది ముప్పది గడపల వాడలుగా మూడు రాష్ట్రముల అడవిలో చెదరియున్నారు. కనబడనివారితో ఒడంబడిక ఎవరు చేసికొందురు?

కాబట్టి మొదటి కార్యము గణనమే. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశములు కలిసి, ఒకే దినముల, ఒకే పత్రముపై, ప్రతి వాడను, ప్రతి గడపను వ్రాసి, ఆ వ్రాతను తొలగింపునకు వాడబోమని ముందుగా హామీ యీయవలెను. హామీ లేని గణనకు వాడ ఖాళీగా కనబడును. ఆపై అటవీహక్కుల చట్టములోనే ఒక ద్వారము కలదు. 2005 డిసెంబరు 13కు పూర్వము పునరావాసము లేక అటవీభూమినుండి తొలగింపబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమి దక్కవలెనని మూడవ విభాగపు ‘ఎం’ నిబంధన చెప్పుచున్నది. జాతీయ షెడ్యూల్డు తెగల కమిషను చెవికి ఈ వాదము 2019లోనే చేరినది. ఆ తేదీకి ముందు కదలినవారికి ఇది నేరుగా వర్తించును. పిమ్మట కదలినవారికి పార్లమెంటు ఒక సవరణ చేయవలసియుండును, చేయుట కష్టము కాదు. భూమి ఇచ్చు భారము ప్రధానముగా ఛత్తీస్‌గఢ్‌ది, వ్యయము కేంద్రముది, ఎంపిక నిర్వాసితునిది కావలెను. ఇక్కడనే ఉండగోరినవానికి ఇప్పటికే నరికిన నేలలో హద్దులు వేసి, ఆ హద్దు దాటిన గొడ్డలికి మినహాయింపు లేదని చెప్పుట న్యాయము. నీరు, బడి, టీకా, రేషను మాత్రము గిరిజనత్వపు తగవు తేలువరకు ఆగరాదు. ఇవి కులమును బట్టి కాక నివాసమును బట్టి వచ్చునవి.

గిరిజన హోదా, రిజర్వేషను వాటా అను విషయమున నేను స్థానిక కోయల భయమునే గౌరవింతును. ఇరుగుపొరుగు తెగల వాటాలను కదపకుండ భూమిని, సేవలను ఇచ్చుట సాధ్యము. ఈ రెంటిని కలిపివేయుటవలననే ఇరువదియేండ్లుగా ఏదియు సాగలేదు. స్థానికుల పెండింగు పోడు దరఖాస్తులకు కారణములతో కూడిన సమాధానము వ్రాతమూలకముగ ముందు వెళ్లవలెను. అది వెళ్లిన ఊరిలో వలసవాడకు బోరింగు వేయుటకు గ్రామసభ అడ్డురాదని నా నమ్మకము. ఇట్లు చేసినచో ఇంకను జనము తరలివత్తురను ఆక్షేపణ కలదు. రావచ్చును. రాకను నిర్ణయించునది ఇక్కడి బోరింగు కాదు, అక్కడి తుపాకియు ఇక్కడి మిరపకోత కూలియు. ఈ రెంటిపై అదుపు గల ప్రభుత్వములు గుడిసెలపై అదుపు చూపుట సులభమని ఎంచుకొన్నవి.

ఈ సంవత్సరపు కోతలకును ట్రాక్టరు తొట్లలో జనము శబరి దాటి దిగుదురు. ప్రతి ముఠాకు ఒక మేస్త్రీ యుండును. వాని చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకము. అందులో ఎవరు ఏ ఊరివారో, ఎన్ని దినములు కోసిరో, ఎంత అడ్వాన్సు తీసికొనిరో, పేరు పేరున వ్రాసియుండును. మూడు ప్రభుత్వముల దస్త్రములలో దొరకని ఆ పేర్లు ప్రస్తుతము ఆ పుస్తకముననే కలవు.